నొప్పి మాత్రే కదా అనుకుంటే...

"తలనొప్పా? ఓ బిళ్ళ వేసుకుని కాసేపు పడుకోరాదూ!"

మన ఇళ్ళల్లో వారానికి ఒక్కసారైనా వినబడే మాట ఇది. అనేది కూడా ఎక్కువగా మనమే. పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడినా, ఆయనగారికి నడుం పట్టేసినా, అత్తగారికి మోకాళ్ళు లాగేస్తున్నా అందరికీ ముందు గుర్తొచ్చే డాక్టరు ఇల్లాలే. ఆ డాక్టరమ్మ ఆస్పత్రి ఎక్కడో కాదు, ఫ్రిజ్ మీదున్న ప్లాస్టిక్ డబ్బా. అందులో సగం వాడి వదిలేసిన షీట్లు, ఎప్పుడు కొన్నామో గుర్తులేని సిరప్ సీసాలు, పేరూ తేదీ తెగిపోయిన నాలుగైదు మాత్రల ముక్కలు. మా ఇంట్లో డబ్బా కూడా సరిగ్గా ఇలాగే ఉండేది, 2019 సంక్రాంతి దాకా.

ఆ ఏడు పండక్కి ఆడపడుచులిద్దరూ పిల్లల్ని తీసుకుని వచ్చారు. మా అత్తగారికి అప్పటికి డెబ్భై రెండేళ్ళు. అయినా అరిసెల పాకం ఆవిడ పట్టాల్సిందే, ఇంకొకరు పడితే ఒప్పుకోరు. గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడితే మోకాళ్ళు ఊరుకుంటాయా? రాత్రయ్యేసరికి "అమ్మాయ్, ఆ నొప్పి మాత్ర ఒకటి ఇలా పడెయ్యి" అనేవారు. అప్పటికి నాలుగైదు నెలలుగా ఇదే వరస. మాత్రలు అయిపోతే సందు చివర మందుల షాపుకి నేనే వెళ్ళేదాన్ని. "మోకాళ్ళ నొప్పికి మంచి మాత్ర ఇవ్వు బాబూ" అని అడిగేదాన్ని. ఆ అబ్బాయి ఒకసారి ఇచ్చింది ఇంకోసారి ఇచ్చేవాడు కాదు. "ఇది ఇంకా బాగా పనిచేస్తుందాంటీ" అంటూ షీటులోంచి ఆరు కత్తిరించి కవరులో వేసేవాడు. అలా మూడు రకాలు పోగయ్యాయి. ఆవిడ మోకాళ్ళకి ఒకటి, నడుముకి ఇంకొకటి, నిద్ర పట్టకపోతే మరొకటి అని తనే పంచుకున్నారు. పొద్దున్నే కాఫీ తాగి పరగడుపునే ఒకటి పడేది. వీటన్నిటికీ తోడు, గుండె డాక్టరుగారు రాసిన చిన్న ఆస్పిరిన్ మాత్ర రోజూ ఉండనే ఉంది.

భోగి ముందురోజు కడుపులో మంటన్నారు. పిండివంటల వల్ల గ్యాస్ అయుంటుందని సోడా తాగించాం. విరేచనం నల్లగా అవుతోందని నా ఒక్కదానికే మెల్లగా చెప్పారు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు కదా, దానివల్లేలెండి అని తేలిగ్గా తీసిపారేశాను. కనుమనాడు పెరట్లో ముగ్గు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు.

ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం వేసి చూస్తే జీర్ణాశయంలో పుండు పడి రక్తం కారుతోంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. మర్నాడు డాక్టరుగారు, "ఇంట్లో ఆవిడ ఏమేం మందులు వేసుకుంటున్నారో అన్నీ పట్టుకురండమ్మా" అన్నారు. డబ్బా డబ్బాగా పట్టుకెళ్ళాను. ఆయన ఆ ముక్కలన్నీ బల్ల మీద పరిచి, కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటీ చదివారు.

"ఇవి మూడు రకాలనుకున్నారు కదూ? పేర్లే మూడు. ఈ రెండింట్లోనూ ఉన్నది డైక్లోఫెనాక్. మూడోదాంట్లో ఉన్నది ఎసిక్లోఫెనాక్, దానికి చెల్లెలనుకోండి. ఒకే మందు మూడు చొక్కాలేసుకుని వచ్చిందమ్మా. దాని మీద ఆస్పిరిన్ కూడా."

ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అవన్నీ నా చేత్తో కొని, నా చేత్తో ఇచ్చినవే. డిగ్రీ చదివినదాన్ని, కూరగాయల వాడి దగ్గర ఒక్కో వంకాయా తిప్పి చూసుకుని గానీ తీసుకోనిదాన్ని, మందు షీటు వెనక ఏముందో ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. అత్తగారు వారం రోజులకి ఇంటికొచ్చారు, కోలుకున్నారు. కానీ ఆ వారం నేర్పిన పాఠం నలుగురితో చెప్పుకుంటే మంచిదనిపించింది.

పెద్దక్షరాలు కాదు, చిన్నక్షరాలు

ప్రతి మాత్రకీ రెండు పేర్లుంటాయి. పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని దగ్గర్లోనే చిన్నక్షరాల్లో ఉండేది మందు అసలు పేరు. మనం చూడాల్సింది ఈ రెండోదాన్ని. క్రోసిన్, కాల్పాల్, డోలో అని మూడు పేర్లతో అడుగుతాం గానీ ఆ మూడింట్లోనూ ఉన్న మందు పారాసెటమాలే. కాంబిఫ్లామ్ మాత్రలో అయితే ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ రెండూ కలిసి ఉంటాయి. అంటే "డోలో పనిచెయ్యలేదు, క్రోసిన్ వేసి చూద్దాం" అనుకుంటే వేసిన మందే మళ్ళీ వేసినట్టు! జన ఔషధి దుకాణాల్లో మాత్రలు తక్కువ ధరకి దొరుకుతాయి. అక్కడ అసలు పేరుతోనే అమ్ముతారు కాబట్టి ఈ పేర్లు అలవాటు చేసుకుంటే అదీ ఓ లాభమే.

రెండు కుటుంబాలు

ఇంట్లో వాడే నొప్పి మాత్రలు ముఖ్యంగా రెండు కుటుంబాలకి చెందినవి. మొదటిది పారాసెటమాల్. జ్వరాన్ని తగ్గిస్తుంది, తలనొప్పి, ఒళ్ళునొప్పుల్ని తగ్గిస్తుంది. వాపుని మాత్రం పెద్దగా తగ్గించదు. కడుపుకి మెత్తనిది.

రెండోది ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ వగైరాలు. ఇవి నొప్పితో పాటు వాపునీ తగ్గిస్తాయి. అందుకే బెణుకులకీ, పంటినొప్పికీ, నెలసరి నొప్పికీ గుణం బాగా కనిపిస్తుంది. కానీ గట్టి మందుకి గట్టి చేదు ఉండనే ఉంటుంది కదా.

ఆ చేదు ఎక్కడిదో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1971లో చెప్పారు. దెబ్బ తగిలినచోట మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పినీ, వాపునీ పెంచేవి ఇవే. ఆస్పిరిన్ కుటుంబం వీటి తయారీని ఆపేస్తుంది. నొప్పి తగ్గుతుంది. అయితే అవే పదార్థాలు మరో రెండు మంచి పనులు కూడా చేస్తుంటాయి. జీర్ణాశయం లోపలి పొరని యాసిడ్ కాల్చకుండా కాపాడతాయి, మూత్రపిండాలకి రక్తం సరిగా అందేలా చూస్తాయి. మాత్రకి మోకాలేదో కడుపేదో తెలియదు. అన్నిచోట్లా ఒకేలా ఆపేస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు జాన్ వేన్‌కి 1982లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మా అత్తగారి కడుపులో పుండు ఎందుకు పడిందో నాకు అర్థమైంది ఇది తెలుసుకున్నాకే.

అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో మంట తగ్గుతుంది, నిజమే. కానీ మందు రక్తంలో కలిసి కూడా ఈ పని చేస్తుంది కాబట్టి, "తిన్నాకే వేసుకుంటున్నాను, నాకేం కాదు" అని నెలల తరబడి వాడెయ్యకూడదు.

మెత్తనిదే అయినా లెక్క ఉంది

పారాసెటమాల్ మెత్తనిది కదా అని ఎన్నయినా వేసుకోవచ్చా? కూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. బక్కపల్చగా ఉన్నవాళ్ళకీ, సరిగా తినలేకపోతున్నవాళ్ళకీ, మద్యం అలవాటున్నవాళ్ళకీ, కాలేయం జబ్బున్నవాళ్ళకీ ఈ హద్దు ఇంకా తక్కువ, అది డాక్టరు చెప్పాలి. మాత్రకీ మాత్రకీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి.

తెలియకుండా హద్దు దాటడం చాలా తేలిక. ఓ ఉదాహరణ చూడండి. జ్వరానికి 650 మాత్ర రోజుకి నాలుగుసార్లు వేశాం. 2600 అయింది. ముక్కు దిబ్బడగా ఉందని జలుబు మాత్ర మూడుసార్లు వేశాం. చాలా జలుబు మాత్రల్లో 500 పారాసెటమాల్ కలిపే ఉంటుంది. అది 1500. మొత్తం 4100! వేసినామెకి తాను రెండు వేర్వేరు జబ్బులకి రెండు మందులు వేశాననే నమ్మకం.

ఎక్కువైతే దెబ్బతినేది కాలేయం. అందులో మోసమేమిటంటే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. మనిషి మామూలుగానే ఉంటాడు. విరుగుడు మందు ఉంది గానీ, మొదటి ఎనిమిది గంటల్లోపు ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. అందుకని మోతాదు మించిందని తెలిసినా, చంటిపిల్ల డబ్బా తెరిచి మింగిందని అనుమానం వచ్చినా, "బాగానే ఉందిగా, చూద్దాం" అనుకోకుండా షీటు చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

పారాసెటమాల్ కాకుండా మిగతా నొప్పి మాత్రల్ని ఈ కింది వాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు.

కడుపులో పుండు ఉన్నవాళ్ళు, ఒకప్పుడు ఉండి తగ్గినవాళ్ళు. అరవై దాటిన పెద్దవాళ్ళు. గుండెకి ఆస్పిరిన్ గానీ, రక్తం గడ్డకట్టకుండా వేరే మందులు గానీ వాడుతున్నవాళ్ళు. బి.పి. ఉన్నవాళ్ళు, ఎందుకంటే ఈ మాత్రలు బి.పి.ని పెంచుతాయి, బి.పి. మాత్రల పనిని కూడా తగ్గిస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్ కుటుంబం పడక ఆయాసం ఎక్కువవుతుంది. ఇక కిడ్నీ జబ్బున్నవాళ్ళయితే వీటి జోలికే పోకూడదు.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి ఓ సంగతి. ఒకప్పుడు ఊరి బయట గుంపులుగా కనబడే రాబందులు ఏమైపోయాయో మీరెప్పుడైనా ఆలోచించారా? నొప్పికి పశువులకిచ్చిన డైక్లోఫెనాక్, అవి చచ్చాక వాటి మాంసం తిన్న రాబందుల కిడ్నీల్ని పాడుచేసింది. అవి లక్షల్లో చచ్చిపోయాయి. అందుకే మన దేశంలో 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని నిషేధించారు. పక్షి ఒళ్ళూ మనిషి ఒళ్ళూ ఒకటి కావు, నిజమే. ఆరోగ్యవంతుడికి డాక్టరు రాసిన నాలుగు రోజుల మాత్రలు కిడ్నీని చెడగొట్టవు. కానీ షుగరు, బి.పి. ఉండి నెలల తరబడి వాడేవాళ్ళకీ, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు వేసుకునేవాళ్ళకీ ముప్పు ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇదమిత్థంగా ఇంకా తేలలేదు. కారణం ఏదైనా, దెబ్బతిన్న కిడ్నీ మీద నొప్పి మాత్రల భారం కూడా పడకూడదు. పొలం పని నుంచి రాగానే ఒళ్ళునొప్పులకి రోజూ ఒక మాత్ర వేసుకునే అలవాటు మీ ఇంట్లో గానీ, మీ ఇంట పనిచేసేవాళ్ళకి గానీ ఉంటే ఓ మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

గర్భిణులు నొప్పి మాత్ర ఏదైనా డాక్టరుని అడిగే వేసుకోవాలి. ముఖ్యంగా 20 వారాలు దాటాక ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు. కడుపులో బిడ్డ కిడ్నీల మీదా, నెలలు నిండేకొద్దీ గుండె రక్తనాళం మీదా వాటి ప్రభావం పడుతుంది.

వానాకాలంలో జ్వరమొస్తే మరీ జాగ్రత్త. అది డెంగ్యూ కావచ్చు. డెంగ్యూలో రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వెయ్యకూడదు. జ్వరం తగ్గలేదని ఆ ఇంజెక్షన్లు చేయించుకోకూడదు. పారాసెటమాల్ ఒక్కటే వెయ్యాలి, బాగా నీళ్ళు తాగించాలి, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి.

పిల్లల మందు చెంచా లెక్క కాదు

పిల్లలకి పారాసెటమాల్ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలో బరువుకి ఒకసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే పది కిలోల పాపకి 100 నుంచి 150. ఇక్కడే మనం పప్పులో కాలేస్తాం. పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 ఉండేదీ, 125 ఉండేదీ, 250 ఉండేదీ అన్నీ దొరుకుతాయి. చంటిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. సిరప్ అనుకుని చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పోశారంటే ఒక్కసారిగా 500 వెళ్ళిపోతుంది! సీసా మారితే లెక్క మారుతుంది. వంటింటి చెంచాతో పొయ్యకండి, సీసాతో ఇచ్చిన మూతగానీ, గొట్టంగానీ వాడండి. మూడు నెలల్లోపు పసికందుకి జ్వరమొస్తే మందు పొయ్యడం కాదు, డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

పిల్లలకి ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకూడదు. మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బుకి అది కారణం కావచ్చు. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. డబ్బాలో పాత సీసా ఉంటే ఈపూటే తీసి పారెయ్యండి. అన్నట్టు, కర్పూరం ఉన్న బామ్‌ని పసిపిల్లల ముక్కు దగ్గర రాయకండి.

ఇక మన నొప్పులు

ఇంటిల్లిపాదికీ మాత్రలిచ్చి మన సంగతి మనం మర్చిపోతాం. నెలసరి నొప్పికి కారణం గర్భాశయంలో తయారయ్యే ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ బాగా పనిచేస్తాయి. మొదటి రెండు మూడు రోజులు, తిన్నాక, డాక్టరు ఒకసారి చెప్పిన మోతాదులో వేసుకుంటే తప్పులేదు. ఓర్చుకోవడం గొప్పేమీ కాదు. వేణ్ణీళ్ళ సంచీ కాపడం కూడా హాయినిస్తుంది. అయితే మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరంతో తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. అలా కనబడితే మాత్ర ఆపి డాక్టరుకి చూపించాలి. ప్రతినెలా మంచం దిగలేనంత నొప్పి ఉంటే, నెలనెలా పెరుగుతుంటే అది మాత్రతో సర్దుకునే విషయం కాదు. పరీక్ష చేయించుకోవాలి.

తలనొప్పిది ఇంకో చిత్రం. నెలలో పదిహేను రోజులూ ఆపైనా నొప్పి మాత్ర వేసుకుంటూ మూడు నెలలు గడిస్తే, ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే నెలకి పదిరోజులు చాలు. మాత్ర లేకపోతే నొప్పి, నొప్పొస్తే మాత్ర! క్యాలెండర్ మీద పాలవాడి లెక్కలాగే మాత్ర వేసుకున్న రోజు ఓ చుక్క పెట్టుకోండి. నెలాఖరుకి చుక్కలే చెబుతాయి.

మోకాళ్ళ నొప్పికి మా అత్తగారు ఇప్పుడు డాక్టరు చెప్పిన నొప్పి జెల్ రాసుకుంటున్నారు. పైపూత మందు రక్తంలోకి చాలా తక్కువగా వెళుతుంది కాబట్టి కడుపుకి ముప్పు తక్కువ. తొడ కండరాలు గట్టిపడే చిన్న వ్యాయామాలు చేస్తున్నారు. నాలుగు కిలోలు తగ్గారు కూడా.

మందుల షాపులో...

నొప్పికి మంచి మాత్ర ఇవ్వమని అడగొద్దు. మందు పేరు చెప్పి అడగండి. షీటు మీద ఎడం పక్కన నిలువుగా ఎర్రగీత ఉందంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ అలాంటివే. నాలుగు మాత్రలే చాలనుకుంటే, పేరూ గడువు తేదీ ఉన్న వైపు నుంచి కత్తిరించి ఇమ్మనండి. ఇంట్లోవాళ్ళు వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుని, కొత్త మాత్ర కొనేముందు అది చూపించి, "వీటితో కలిపి వెయ్యొచ్చా?" అని అడగండి.

ఈ గుర్తులు కనబడితే మాత్ర ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి: తారులాగా నల్లగా, జిగటగా విరేచనం కావడం, కాఫీ పొడి రంగు వాంతి, మూత్రం తగ్గడం, కాళ్ళవాపు, కళ్ళు పచ్చబడడం, ఆయాసం, దద్దుర్లు. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లగానే అవుతుంది. కానీ ఆ తేడా తేల్చాల్సింది మనం కాదు. నాలాగా పొరబడకండి.

మా ఇంట్లో డబ్బా ఇప్పుడూ ఉంది. మార్కర్‌తో ప్రతి షీటు మీదా మందు అసలు పేరు తెలుగులో పెద్దగా రాసి పెడతాను. డబ్బాలో ఓ పాత కళ్ళజోడు కూడా ఉంచాను. మొన్న మా అత్తగారు దాన్ని పెట్టుకుని ఓ జలుబు మాత్ర షీటుని అటూ ఇటూ తిప్పి, "అమ్మాయ్, ఇందులోనూ ఆ పారాసెటమాలే ఉందే! పొద్దున ఒకటి వేసుకున్నానుగా" అన్నారు.

ఈ సాయంత్రం దీపం పెట్టాక ఓ పది నిమిషాలు మీ డబ్బా కూడా కింద పరిచి చూడండి. ఎన్ని పేర్లున్నాయో, ఎన్ని మందులున్నాయో మీకే తెలుస్తుంది.